కెర్నెలు నవీకరణ తరువాత వచ్చే బూటు హెచ్చరికలు (లినక్సు)

కెర్నెలు నవీకరణ తరువాత వచ్చే బూటు హెచ్చరికలు అనగా లినక్సు ఆధారిత కంప్యూటరులో కెర్నెలు కొత్త కూర్పును స్థాపించి, యంత్రాన్ని తిరిగి ప్రారంభించినపుడు తెరపై గాని, చిట్టా ఫైలులో గాని కనిపించే సందేశాలు. వీటిలో అధిక భాగం హాని లేనివి. కొన్ని మాత్రం డిస్కు చెడిపోతున్నదనో, తరువాతి సారి యంత్రం అసలు ప్రారంభం కాకపోవచ్చుననో ముందుగా తెలిపేవి. ఈ రెండింటి మధ్య భేదాన్ని గుర్తించలేక అవసరం లేని చోట నిర్వహణ వ్యవస్థను మొత్తం తిరిగి స్థాపించడం, అవసరమైన చోట ఉపేక్షించి సమాచారాన్ని పోగొట్టుకోవడం తరచుగా జరిగే పొరపాట్లు. హెచ్చరికల స్వరూపం, అవి పుట్టే కారణాలు, వాటిని పరిశీలించే క్రమం, సవరించే పద్ధతులు ఈ వ్యాసంలో వివరించబడినవి.

== నేపథ్యం ==

కెర్నెలు అంటే నిర్వహణ వ్యవస్థ యొక్క మూలభాగం. ప్రాసెసరు, మెమొరీ, డిస్కు, నెట్‌వర్కు పరికరాలు మొదలైన హార్డువేరుకూ, వాడుకరి నడిపే ప్రోగ్రాములకూ మధ్య ఇది వారధిగా పనిచేస్తుంది. లినక్సు కెర్నెలును లినస్ టోర్వాల్డ్స్ 1991లో ప్రారంభించాడు. 1994లో 1.0 కూర్పు, 2003 డిసెంబరులో 2.6 కూర్పు, 2011 జూలైలో 3.0 కూర్పు విడుదలైనవి. ప్రస్తుతం సుమారు తొమ్మిది, పది వారాలకు ఒక కొత్త కూర్పు వెలువడుతుంది. వీటితో పాటు దీర్ఘకాల మద్దతు గల శాఖలకు భద్రతా సవరణలు తరచుగా వస్తూ ఉంటాయి. ఉబుంటు, డెబియన్, ఫెడోరా వంటి పంపిణీలు ఈ సవరణలను ప్యాకేజీలుగా కూర్చి వాడుకరులకు అందజేస్తాయి.

ఇతర ప్రోగ్రాములను నవీకరించినపుడు వాటిని మూసి తెరిస్తే సరిపోతుంది. కెర్నెలు విషయంలో అలా కాదు. కొత్త కూర్పు అమలులోకి రావాలంటే సాధారణంగా కంప్యూటరును తిరిగి ప్రారంభించవలెను. హెచ్చరికలు ఆ సమయంలోనే బయటపడతాయి.

== బూటు క్రమం ==

హెచ్చరిక ఏ దశలో వచ్చినదో తెలిస్తే కారణం సగం తెలిసినట్లే. లినక్సు యంత్రం ప్రారంభమయ్యే క్రమం స్థూలంగా ఇది:

* ఫర్మ్‌వేరు: మీట నొక్కగానే మదర్‌బోర్డులోని బయోస్ లేదా యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేరు హార్డువేరును సిద్ధం చేసి, బూటు లోడరును వెతుకుతుంది.
* బూటు లోడరు: ఎక్కువ పంపిణీలలో ఇది గ్రబ్. ఏ కెర్నెలుతో ప్రారంభించాలో పట్టిక చూపి, ఎంచుకొన్న కెర్నెలును, దానికి చెందిన ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ అనే చిన్న ఫైలు వ్యవస్థను మెమొరీలోకి ఎక్కిస్తుంది.
* కెర్నెలు: ప్రాసెసరును, మెమొరీని, పరికరాలను గుర్తిస్తుంది. ఈ దశలో వందల కొద్దీ సందేశాలు పుడతాయి.
* ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్: అసలు డిస్కును చదవడానికి కావలసిన డ్రైవరు మాడ్యూళ్ళు ఇందులో ఉంటాయి. డిస్కులోని మూల ఫైలు వ్యవస్థను కనుగొని, దానిని జతపరచిన తరువాత దీని పని ముగుస్తుంది.
* ఇనిట్: మొదటి ప్రక్రియ ఇదే. పూర్వం సిస్టం-ఫైవ్ ఇనిట్ ఎక్కువగా వాడబడేది. 2010లో మొదలైన సిస్టండీ ఇప్పుడు ప్రధాన పంపిణీలలో ఆ స్థానాన్ని ఆక్రమించినది. సేవలను ప్రారంభించి లాగిన్ తెర వరకు తెచ్చేది ఇదే.

గ్రబ్ పట్టిక కూడా రాకపోతే లోపం కెర్నెలుది కాదు, దానికి ముందటి దశది. లాగిన్ తెర వచ్చిన తరువాత ధ్వని లేదా వై-ఫై పనిచేయకపోతే మూల ఫైలు వ్యవస్థ సక్రమంగా దొరికినట్లే. లోపం ఒక మాడ్యూలుకో, ఫర్మ్‌వేరు ఫైలుకో పరిమితమై ఉంటుంది.

== సందేశాల స్థాయిలు ==

కెర్నెలు తన సందేశాలకు 0 నుండి 7 వరకు స్థాయిలను నిర్ణయిస్తుంది. అంకె తగ్గే కొద్దీ తీవ్రత పెరుగుతుంది.

* 0 – అత్యవసరం: వ్యవస్థ పనిచేయదు
* 1 – తక్షణ చర్య అవసరం
* 2 – విషమ స్థితి
* 3 – దోషం
* 4 – హెచ్చరిక
* 5 – గమనించదగినది
* 6 – సమాచారం
* 7 – డ్రైవరు రచయితలకు ఉపకరించే వివరం

ఈ స్థాయిని నిర్ణయించేది ఆ భాగాన్ని వ్రాసిన ప్రోగ్రామరు. అందుచేత ఎర్ర అక్షరాలతో కనిపించే "ఎర్రర్" సందేశం ప్రతిసారీ ప్రమాదకరం కాదు. అలాగే "వార్నింగ్" స్థాయిలో ఉన్న డిస్కు సందేశం తేలికైనదీ కాదు. స్థాయి కంటే సందేశంలోని విషయమే ప్రధానం.

వీటికి తోడు మరి మూడు మాటలను వేరుగా తెలుసుకోవలెను. "కట్ హియర్" అనే గీతతో మొదలై, ఫంక్షన్ల పేర్ల వరుసతో ముగిసే సందేశం, కెర్నెలు తాను ఊహించని స్థితిని ఎదుర్కొన్నదని తెలిపే హెచ్చరిక. సాధారణంగా యంత్రం నడుస్తూనే ఉంటుంది. "ఊప్స్" అంటే కెర్నెలులో తప్పు జరిగి ఆ పని చేస్తున్న ప్రక్రియ అర్థాంతరంగా ఆపబడినదని అర్థం. యంత్రం నడుస్తున్నా దానిని నమ్మరాదు, తెరిచి ఉన్న పనిని భద్రపరచి తిరిగి ప్రారంభించవలెను. "పానిక్" అంటే కెర్నెలు ముందుకు సాగలేక పూర్తిగా ఆగిపోవడం.

దోష సందేశాల చివర ఉండే ఋణ సంఖ్యలు కూడా అర్థవంతమైనవి. -2 అంటే ఫైలు దొరకలేదు, -5 అంటే చదవడం లేదా వ్రాయడంలో లోపం, -12 అంటే మెమొరీ చాలలేదు, -19 అంటే ఆ పరికరం లేదు, -22 అంటే ఇచ్చిన విలువ చెల్లదు, -71 అంటే సంకేత విధానంలో లోపం (యూఎస్‌బీ పరికరాలలో తరచుగా కేబులు లేదా హబ్ వల్ల), -110 అంటే పరికరం గడువులోపు బదులివ్వలేదు.

== నవీకరణ తరువాతనే ఎందుకు వస్తాయి ==

హెచ్చరిక కొత్తగా కనిపించినంత మాత్రాన లోపం కొత్తదని చెప్పలేము. కారణాలు నాలుగు రకాలుగా ఉంటాయి.

మొదటిది, కొత్త కెర్నెలు నిజంగానే ఒక డ్రైవరును మార్చి ఉండవచ్చు. ఒకప్పుడు పనిచేసినది కొత్త కూర్పులో పనిచేయకపోవడాన్ని రిగ్రెషన్ అంటారు. అసలు లోపం కెర్నెలులోనే ఉన్న సందర్భమిది.

రెండవది, పాత లోపాన్ని కొత్త కెర్నెలు మొదటిసారి బయటపెట్టడం. మదర్‌బోర్డు ఫర్మ్‌వేరులోని తప్పును పాత కూర్పు మౌనంగా దాటివేసి ఉండవచ్చు. కొత్త కూర్పులో తనిఖీ చేరినందున అది సందేశంగా వెలువడుతుంది. యంత్రం నిన్నటి వలెనే ఉన్నది. తెలిసిన విషయం మాత్రమే పెరిగినది.

మూడవది, కెర్నెలుతో పాటు రావలసినవి రాకపోవడం. ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ పూర్తిగా తయారు కాకపోవడం, విడిగా నిర్మించవలసిన మాడ్యూలు నిర్మాణం కాకపోవడం, ఫర్మ్‌వేరు ప్యాకేజీ పాతబడి ఉండడం ఈ కోవలోనివి.

నాలుగవది, కెర్నెలుతో ఏ సంబంధమూ లేనిది. వారాల తరబడి ఆపకుండా నడిచిన యంత్రంలో ఈ మధ్యకాలంలో డిస్కు విభాగాలను మార్చి ఉండవచ్చు, ఒక సేవ అమరికను సవరించి ఉండవచ్చు. ఆ మార్పులోని తప్పు తిరిగి ప్రారంభించినపుడే తెలుస్తుంది. తిరిగి ప్రారంభించడానికి కారణం కెర్నెలు నవీకరణ కాబట్టి నింద దానిపై పడుతుంది. సర్వర్లను నిర్వహించేవారు కొందరు నవీకరణకు ముందు పాత కెర్నెలుతోనే ఒకసారి తిరిగి ప్రారంభించి చూసేది ఈ కారణంగానే.

== మొదట చేయవలసిన పనులు ==

ఏ సవరణకైనా ముందు ఈ క్రమాన్ని పాటించడం మంచిది.

1. ముఖ్యమైన ఫైళ్ళ నకలును వేరొక డిస్కులోనికి తీయవలెను. డిస్కు పేరు గల దోషాలు కనిపిస్తున్నపుడు ఇది మిగిలిన అన్ని పనుల కంటే ముందు జరగవలెను.

2. పాత కెర్నెలుతో ప్రారంభించి చూడవలెను. పంపిణీలు సాధారణంగా పాత కూర్పులను వెంటనే తొలగించవు. ఫెడోరాలో మామూలుగా మూడు కెర్నెళ్ళు నిలిచి ఉంటాయి. యంత్రం ప్రారంభమవుతున్నపుడు షిఫ్ట్ లేదా ఎస్కేప్ మీట నొక్కితే గ్రబ్ పట్టిక కనిపిస్తుంది. ఉబుంటు, డెబియన్‌లలో "అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్" అనే వరుసలో పాత కూర్పులు ఉంటాయి. పాత కెర్నెలులోనూ అదే హెచ్చరిక వస్తే నవీకరణ దానికి కారణం కాదు.

3. ఏ కెర్నెలు నడుస్తున్నదో నిర్ధారించుకొనవలెను. యూనేమ్ ఆదేశాన్ని హైఫన్, చిన్న ఆర్ అక్షరంతో ఇస్తే కూర్పు సంఖ్య తెలుస్తుంది. కొత్తది స్థాపించామనుకొని పాతదానితోనే ప్రారంభించడం అరుదు కాదు.

4. సందేశాలను ఫైలులో భద్రపరచవలెను. డీమెస్గ్ ఆదేశం ప్రస్తుత బూటు యొక్క కెర్నెలు సందేశాలను చూపుతుంది. అనేక పంపిణీలలో దీనికి నిర్వాహకుని అధికారం కావలెను. దీనికే స్థాయి ఎంపికను జోడించి దోషాలు, హెచ్చరికలు మాత్రమే చూడవచ్చు. సిస్టండీ గల యంత్రాలలో జర్నల్‌సీటీఎల్ ఆదేశం వెనుకటి బూటు సందేశాలను కూడా ఇవ్వగలదు, అయితే చిట్టాను డిస్కులో నిలుపుకొనే అమరిక ముందుగా ఉండవలెను.

5. రెండు చిట్టాలను పోల్చవలెను. పాత కెర్నెలు హెచ్చరికలను ఒక ఫైలులో, కొత్తదానివి మరొక ఫైలులో ఉంచి, సమయం చూపే మొదటి అంకెలను తొలగించి, డిఫ్ ఆదేశంతో తేడా చూస్తే కొత్తగా వచ్చినవి కొద్ది పంక్తులే మిగులుతాయి. వందల పంక్తులను చదివి భయపడడం కంటే ఇది ఎంతో మేలు.

తెరపై బొమ్మ మాత్రమే కనిపించి యంత్రం ఆగిపోతున్నట్లయితే, గ్రబ్ పట్టికలో ఆ వరుసపై ఇ మీట నొక్కి, కెర్నెలు పంక్తి చివర ఉన్న "క్వయట్", "స్ప్లాష్" అనే మాటలను తొలగించి ప్రారంభించవలెను. చివరిగా ఏ పంక్తి వద్ద ఆగినదో కనిపిస్తుంది. ఈ మార్పు ఆ ఒక్క బూటుకు మాత్రమే వర్తిస్తుంది.

== సాధారణంగా హాని లేని హెచ్చరికలు ==

* "పాసిబుల్ మిస్సింగ్ ఫర్మ్‌వేర్": ఇది డెబియన్, ఉబుంటులలో నవీకరణ సమయంలోనే, ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ తయారవుతున్నపుడు కనిపిస్తుంది. ఒక డ్రైవరు మాడ్యూలు తనకు అవసరం కాగల ఫర్మ్‌వేరు ఫైళ్ళన్నింటి పేర్లను ప్రకటిస్తుంది. గ్రాఫిక్స్ డ్రైవరు అయితే ఎన్నో తరాల చిప్పుల ఫైళ్ళు ఆ జాబితాలో ఉంటాయి. వాటిలో డిస్కులో లేని ప్రతి ఫైలుకు ఒక పంక్తి వస్తుంది. ఈ యంత్రంలో లేని చిప్పు ఫైలు లేకపోతే నష్టం లేదు. అదే చిప్పు ఈ యంత్రంలో ఉంటే మాత్రం ఫర్మ్‌వేరు ప్యాకేజీని స్థాపించవలెను.
* "ఏసీపీఐ బయోస్ ఎర్రర్": ఏసీపీఐ అనేది 1996లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా సంస్థలు వెలువరించిన ప్రమాణం. విద్యుత్తు నిర్వహణకు, పరికరాల వివరాలకు మదర్‌బోర్డు అందించే పట్టికలు దీని ప్రకారం ఉండవలెను. ఆ పట్టికలలో లేని పేరును ప్రస్తావించినపుడు ఈ సందేశం వస్తుంది. తప్పు తయారీదారు ఫర్మ్‌వేరులో ఉన్నది. బ్యాటరీ, నిద్రావస్థ, ఫ్యాను సక్రమంగా ఉంటే దీనిని వదిలివేయవచ్చు. బయోస్ నవీకరణ లభిస్తే సమసిపోవచ్చు.
* "టెయింటింగ్ కెర్నెల్": కెర్నెలు మూలంలో భాగం కాని మాడ్యూలు లేదా సంతకం లేని మాడ్యూలు ఎక్కినదని గుర్తు. ఎన్విడియా వారి సొంత డ్రైవరు, వర్చువల్‌బాక్స్ మాడ్యూళ్ళు వాడేవారికి ఇది సహజం. దోషాలను పరిశీలించే కెర్నెలు రచయితల కోసం ఈ గుర్తు ఉంచబడినది.
* నిద్రాప్రతి కనబడలేదు అనే సందేశం: హైబర్నేట్ చేయని యంత్రంలో భద్రపరచిన ప్రతి ఉండదు. అది లేదని చెప్పడం లోపం కాదు.
* ఎమ్‌డీ-ఏడీఎమ్ అమరిక ఫైలులో శ్రేణులు లేవు అనే సందేశం: రెయిడ్ శ్రేణులు లేని యంత్రంలో ఇది నిరపాయకరం. రెయిడ్ ఉన్న సర్వరులో మాత్రం దీనిని తప్పక పరిశీలించవలెను.

చివరి ఉదాహరణ ఒక ముఖ్య విషయాన్ని తెలుపుతుంది. ఒకే పంక్తి ఒక యంత్రంలో నిరర్థకం, మరొక యంత్రంలో ప్రమాద సూచన. అందుచేత ఇతరుల అనుభవాన్ని యథాతథంగా అన్వయించుకొనే ముందు తన యంత్రంలోని హార్డువేరు ఏమిటో తెలుసుకొనవలెను.

== సవరణ అవసరమైనవి ==

=== మూల ఫైలు వ్యవస్థ దొరకకపోవడం ===

"కెర్నెల్ పానిక్, నాట్ సింకింగ్" అనే మాటలతో పాటు మూల ఫైలు వ్యవస్థను జతపరచలేకపోతున్నామని, పరికరం గుర్తు సున్న, సున్న అని వస్తే ఎక్కువ సందర్భాలలో కొత్త కెర్నెలుకు ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ లేదని అర్థం. దీనికి తరచుగా కనిపించే కారణం బూట్ విభాగం నిండిపోవడం. డిస్కును గూఢలిపిలో ఉంచినవారికి బూట్ ఫోల్డరు వేరొక చిన్న విభాగంలో ఉంటుంది. పాత కెర్నెళ్ళు పేరుకొన్నపుడు కొత్త ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ వ్రాయడానికి చోటు చాలదు. నవీకరణ సమయంలో "నో స్పేస్ లెఫ్ట్" అనే పంక్తి వచ్చి ఉంటుంది, కాని దానిని ఎవరూ చదివి ఉండరు.

పరిష్కారం: పాత కెర్నెలుతో ప్రారంభించి, డీఎఫ్ ఆదేశంతో బూట్ విభాగంలోని ఖాళీని చూడవలెను. ఇప్పుడు నడుస్తున్న కెర్నెలును మినహాయించి, మరీ పాత కూర్పులను ప్యాకేజీ నిర్వాహకం ద్వారా తొలగించవలెను. తరువాత డెబియన్, ఉబుంటులలో అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ ఆదేశంతో, ఫెడోరాలో డ్రాకట్ ఆదేశంతో కొత్త కూర్పుకు ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ నిర్మించి, గ్రబ్ పట్టికను తిరిగి తయారు చేయవలెను. బూట్ ఫోల్డరులోని ఫైళ్ళను చేతితో తుడిచివేయడం వల్ల ప్యాకేజీ లెక్కకూ, డిస్కులోని ఫైళ్ళకూ పొంతన పోతుంది. కాబట్టి అలా చేయరాదు.

=== విభాగాల గుర్తులు సరిపోకపోవడం ===

ప్రతి ఫైలు వ్యవస్థకూ యూయూఐడీ అనే ఒక ప్రత్యేక గుర్తు ఉంటుంది. విభాగాన్ని తిరిగి ఫార్మాటు చేస్తే ఈ గుర్తు మారిపోతుంది. ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైలులో పాత గుర్తు మిగిలి ఉంటే, సిస్టండీ ఆ విభాగం కోసం మామూలుగా 90 సెకన్లు ఎదురుచూసి, తరువాత అత్యవసర స్థితిలోకి దిగుతుంది. స్వాప్ విభాగం గుర్తు మారినపుడు నిద్రాప్రతి కోసం ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ కొంతసేపు వేచి చూసి ముందుకు సాగుతుంది. బీఎల్‌కేఐడీ ఆదేశం చూపే గుర్తులను ఎఫ్ఎస్‌ట్యాబ్‌లోని వాటితో పోల్చి సరిచేయవలెను. డెబియన్, ఉబుంటులలో స్వాప్ గుర్తు "రెజ్యూమ్" అనే అమరిక ఫైలులో కూడా ఉండవచ్చు. దానిని సవరించిన తరువాత ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ తిరిగి నిర్మించవలెను. బయటి డిస్కుల వంటి తప్పనిసరి కాని విభాగాలకు "నోఫెయిల్" అనే మాటను జోడిస్తే అవి లేకపోయినా బూటు ఆగదు.

=== విడి మాడ్యూళ్ళు ===

కెర్నెలు మాడ్యూళ్ళు ఒక్కొక్క కూర్పుకు వేరువేరుగా ఉంటాయి. పాత కూర్పుకు నిర్మించిన మాడ్యూలు కొత్తదానిలో ఎక్కదు. బయటి మాడ్యూళ్ళను ప్రతి నవీకరణలోనూ తిరిగి నిర్మించడానికి డెల్ సంస్థలో రూపొందిన డీకేఎంఎస్ విస్తృతంగా వాడబడుతున్నది. ఇది పనిచేయాలంటే ఆ కెర్నెలు కూర్పుకు సరిపోయే హెడరు ఫైళ్ళు, కంపైలరు యంత్రంలో ఉండవలెను. "ఫెయిల్డ్ టు లోడ్ కెర్నెల్ మాడ్యూల్స్" అనే పంక్తి వచ్చినా, గ్రాఫిక్స్ తెర రాక నల్లగా ఉండిపోయినా డీకేఎంఎస్ స్థితిని చూడవలెను. హెడరు ప్యాకేజీని స్థాపించి మాడ్యూలును తిరిగి నిర్మిస్తే సాధారణంగా సరిపోతుంది. మాడ్యూలు రచయిత కొత్త కెర్నెలుకు ఇంకా మార్పులు చేయకపోతే, ఆ మార్పులు వచ్చే వరకు పాత కెర్నెలుతో కొనసాగడమే మార్గం.

=== సెక్యూర్ బూటు ===

2012లో విండోస్ 8 యంత్రాలతో సెక్యూర్ బూటు వ్యాప్తిలోకి వచ్చినది. ఇందులో ఫర్మ్‌వేరు సంతకం గల బూటు లోడరును మాత్రమే నడుపుతుంది. లినక్సు పంపిణీలు షిమ్ అనే చిన్న ప్రోగ్రాము ద్వారా ఈ గొలుసును కొనసాగిస్తాయి. ఆ స్థితిలో సంతకం లేని మాడ్యూలును కెర్నెలు నిరాకరించి "కీ వాజ్ రిజెక్టెడ్" అంటుంది. డీకేఎంఎస్ తయారు చేసిన తాళపుచెవిని మోక్‌యుటిల్ ద్వారా నమోదు చేసి, తరువాతి బూటులో వచ్చే నీలి తెరలో అంగీకారం తెలుపవలెను. ఆ తెర కొద్ది సెకన్లే ఉంటుంది. దానిని తెలియక దాటిపోతే నమోదు జరగదు.

== డిస్కు, ఫైలు వ్యవస్థల హెచ్చరికలు ==

అన్నింటికంటే జాగ్రత్తగా చదవవలసినవి ఇవి. ఏటీఏ అనే మాటతో, ఒక అంకెతో మొదలై "ఫెయిల్డ్ కమాండ్", "ఐ/ఓ ఎర్రర్" అని సాగే పంక్తులు డిస్కు చదవలేకపోతున్నదని తెలుపుతాయి. కేబులు వదులు కావడం, విద్యుత్తు చాలకపోవడం, డిస్కు పాడవడం ఇందుకు కారణాలు. కెర్నెలు నవీకరణలో వందల కొద్దీ ఫైళ్ళు వ్రాయబడతాయి కాబట్టి, అంతవరకు తాకని పాడైన భాగం అపుడు బయటపడవచ్చు. స్మార్ట్‌సీటీఎల్ ఆదేశంతో డిస్కు తన ఆరోగ్యం గురించి నమోదు చేసుకొన్న వివరాలను చూడవలెను. స్థానం మార్చబడిన సెక్టార్లు, చదవలేక వేచి ఉన్న సెక్టార్లు పెరుగుతూ ఉంటే డిస్కును మార్చవలెను. ఈ స్థితిలో పదే పదే తిరిగి ప్రారంభించడం, డిస్కును మరమ్మతు చేసే ఆదేశాలను నడపడం మిగిలిన సమాచారాన్ని కూడా ప్రమాదంలో పడవేస్తాయి. మొదట నకలు, తరువాతనే పరీక్ష.

"మౌంటింగ్ ఎఫ్ఎస్ విత్ ఎర్రర్స్" అనే ఈఎక్స్‌టీ4 హెచ్చరిక ఫైలు వ్యవస్థలో దోషం నమోదై ఉన్నదని చెబుతుంది. ఎఫ్ఎస్‌సీకే తనిఖీ అవసరం. వాడుకలో ఉన్న, వ్రాయడానికి వీలుగా జతపరచిన విభాగంపై ఈ తనిఖీని నడిపితే మరింత నష్టం కలుగుతుంది; అందుచేత యూఎస్‌బీ నుండి నడిచే లైవ్ వ్యవస్థలో ప్రారంభించి, విభాగాన్ని జతపరచకుండా తనిఖీ చేయవలెను. "రికవరీ కంప్లీట్" అని మాత్రమే వస్తే, కరెంటు పోవడం వంటి కారణంతో యంత్రం హఠాత్తుగా ఆగినదని, జర్నలు ద్వారా అది సరిచేయబడినదని అర్థం.

== ప్రాసెసరు భద్రతా హెచ్చరికలు ==

2018 జనవరిలో మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే ప్రాసెసరు లోపాలు బహిర్గతమైనవి. ఒక ప్రోగ్రాము తనకు అనుమతి లేని మెమొరీలోని సమాచారాన్ని పరోక్షంగా ఊహించడానికి ఇవి అవకాశమిస్తాయి. అప్పటి నుండి కెర్నెలు ప్రతి బూటులోనూ ప్రాసెసరు స్థితిని తనిఖీ చేసి ఫలితాన్ని ప్రకటిస్తున్నది. 2019 మే నెలలో ఎండీఎస్, 2022లో రెట్‌బ్లీడ్ లోపాలు వెల్లడైన తరువాత "డేటా లీక్ పాసిబుల్" అనే మాటలతో కొత్త హెచ్చరికలు చేరినవి.

నవీకరణ తరువాత ఈ పంక్తిని చూసినవారు కొత్త కెర్నెలు తమ యంత్రాన్ని బలహీనపరచినదని భావిస్తారు. వాస్తవం ఇందుకు విరుద్ధం. ప్రాసెసరు తయారైన నాటి నుండి ఆ లోపం అందులో ఉన్నది. పాత కెర్నెలుకు దాని సంగతి తెలియదు. పాత కెర్నెలుకు మరలడం వల్ల హెచ్చరిక పోతుంది, ప్రమాదం పోదు. మైక్రోకోడ్ ప్యాకేజీని, బయోస్‌ను నవీకరించడం సరియైన చర్య. మిగిలిన ప్రమాదం ఎంతటిదన్నది వాడుకపై ఆధారపడి ఉంటుంది. ఇంటిలో ఒక్కరు వాడే యంత్రం వేరు, పరస్పరం తెలియని అనేకుల ప్రోగ్రాములు నడిచే సర్వరు వేరు. రెండవదానిలో హైపర్‌థ్రెడింగ్‌ను నిలిపివేయడాన్ని కూడా పరిశీలించవలెను. పనివేగం కోసం రక్షణలన్నింటినీ తొలగించే కెర్నెలు ఎంపిక ఒకటున్నది. దానిని అర్థం చేసుకొనకుండా వాడరాదు.

== కొన్ని ప్రసిద్ధ ఘటనలు ==

2006 నవంబరులో విడుదలైన 2.6.19 కెర్నెలులో పాత ఐడీఈ డిస్కులకు లిబ్-ఏటీఏ డ్రైవర్లు చేరినవి. 2007లో ఫెడోరా 7 వాటిని స్వీకరించినపుడు, అంతవరకు హెచ్‌డీఏ అని పిలువబడిన డిస్కులు ఎస్‌డీఏగా మారినవి. పాత పేర్లను అమరిక ఫైళ్ళలో వ్రాసుకొన్న యంత్రాలు ఇబ్బందికి లోనైనవి. పరికరం పేరుకు బదులు యూయూఐడీ లేదా లేబులు వాడే పద్ధతి స్థిరపడడానికి ఇటువంటి అనుభవాలు దోహదం చేసినవి.

2023 డిసెంబరులో 6.1.64 కెర్నెలులో ఈఎక్స్‌టీ4 ఫైళ్ళలోని సమాచారం చెడిపోయే అవకాశమున్న లోపం బయటపడినది. ఒక సవరణను, అది ఆధారపడిన మరొక సవరణ లేకుండా పాత శాఖలోనికి తేవడం దీనికి కారణం. డెబియన్ బృందం 12.3 విడుదలను నిలిపివేసి, సరిచేసిన 6.1.66 కెర్నెలుతో 12.4ను డిసెంబరు 10న విడుదల చేసినది. ఈ ఘటనలో బూటు సమయంలో ఏ హెచ్చరికా లేదు. హెచ్చరికలు లేకపోవడం క్షేమానికి హామీ కాదని, నకళ్ళకు ప్రత్యామ్నాయం లేదని ఇది తెలుపుతుంది.

2024 ఆగస్టులో విండోస్ భద్రతా నవీకరణ ఒకటి షిమ్ పాత కూర్పులను నిరాకరించే జాబితాను ఫర్మ్‌వేరులో వ్రాసినది. విండోస్, లినక్సు రెండూ ఉన్న కొన్ని యంత్రాలలో లినక్సు ప్రారంభం కాక భద్రతా విధాన ఉల్లంఘన అనే సందేశం వచ్చినది. లినక్సు వైపు ఏ మార్పూ లేకుండానే బూటు ఆగిపోగలదని చెప్పడానికి ఇది ఉదాహరణ.

== లోపాన్ని నివేదించుట ==

పాత కెర్నెలులో పనిచేసి కొత్తదానిలో పనిచేయనిది నిజమైన రిగ్రెషన్. దీనిని మొదట పంపిణీ వారి దోష నమోదులో తెలుపవలెను. పనిచేసిన కూర్పు, పనిచేయని కూర్పు, రెండింటి పూర్తి చిట్టాలు, హార్డువేరు వివరాలు జతచేయవలెను. బయటి మాడ్యూళ్ళు ఉంటే వాటిని తొలగించి అదే లోపం వస్తున్నదో లేదో చూడవలెను.

సొంతంగా కెర్నెలును నిర్మించగలవారు గిట్ బైసెక్ట్ పద్ధతిని వాడవచ్చు. రెండు కూర్పుల మధ్య గల మార్పులను ప్రతిసారీ సగానికి విభజించి పరీక్షించడం ఈ పద్ధతి. 16,384 మార్పులున్నా 14 పరీక్షలలో దోషి అయిన ఒక్క మార్పు దొరుకుతుంది. అంత ఖచ్చితంగా తెలిపిన నివేదికకు సమాధానం లభించే అవకాశం ఎక్కువ.

== సందేశాల భాష ==

గ్నోమ్, కేడీఈ వంటి డెస్కుటాపులకు తెలుగు అనువాదాలు ఉన్నవి. కాని కెర్నెలు సందేశాలు ఆంగ్లంలో మాత్రమే వెలువడతాయి, వాటికి అనువాద ఏర్పాటు లేదు. లినక్సు మామూలు పాఠ్య తెర 256 లేదా 512 అక్షర రూపాలకు పరిమితం. గుణింతాలను, ఒత్తులను కూర్చే సామర్థ్యం దానికి లేదు. అందువలన తెలుగు డెస్కుటాపు వాడేవారికి కూడా బూటు దశలో ఆంగ్ల పంక్తులే ఎదురవుతాయి. సహాయం కోరేటపుడు సందేశాన్ని అనువదించకుండా, ఉన్నదున్నట్లుగా నకలు చేయడం లేదా తెరను ఫోటో తీసి ఇవ్వడం అవసరం. డ్రైవరు పేరు, పరికరం సంఖ్య, చివరి ఋణ సంఖ్య ఈ మూడింటిలో ఒకటి తప్పిపోయినా కారణాన్ని కనుగొనడం కష్టమవుతుంది.